బంతి ఎటు, గిన్నె ఎటు? భుజం కీలు మార్పిడిపై పాఠకుల ప్రశ్నలు

మోకాలి మార్పిడి గురించి ఈ శీర్షికకు ఉత్తరం రాని నెల ఉండదు. భుజం గురించి రాసేవారు మాత్రం అరుదు. ఈసారి విశాఖపట్నంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో, అరిగిపోయిన భుజం కీలుకు పెట్టే ఇంప్లాంట్ల మధ్య తేడా ఏమిటని అడిగినవి కొన్ని ఉన్నాయి. వాటికి మా ఎముకలు, కీళ్ల శస్త్రవైద్యులు ఇచ్చిన జవాబులు ఇవి. పాఠకుల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక పాఠకుడు): నాకు 68 ఏళ్లు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. కుడి భుజం కొన్నేళ్లుగా నొప్పి. ఎక్స్‌రే చూసి గుజ్జు పూర్తిగా అరిగిపోయిందన్నారు. ఒక ఆసుపత్రిలో ‘అనటామిక్’ మార్పిడి చేస్తామన్నారు. మరో ఆసుపత్రిలో ‘రివర్స్’ అయితేనే మంచిదన్నారు. ఒకే ఎక్స్‌రే చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే నేను ఎవరి మాట నమ్మాలి? రెండిటిలో ఏది కొత్తది, ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

జవాబు: ఇద్దరూ సరిగానే చెప్పి ఉండవచ్చు. ఎక్స్‌రేలో కనబడేది ఎముక. ఏ నమూనా పెట్టాలో తేల్చే విషయాల్లో సగానికి సగం ఎక్స్‌రేకు అందవు. మీ ఉత్తరంలో ఎం.ఆర్.ఐ. గానీ సీ.టీ. గానీ తీయించినట్టు ఎక్కడా రాయలేదు. అవి లేకుండా నమూనా గురించి మాట్లాడుకోవడం తొందరపాటే అవుతుంది.

జబ్బ ఎముక పైకొసన గుండ్రటి బంతి ఉంటుంది. రెక్క ఎముక అంచున దానికి ఎదురుగా ఉండే సాకెట్ చాలా చిన్నది, లోతు లేనిది. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది కనుక దానంతట అదే నిలుస్తుంది. భుజంలో ఆ వెసులుబాటు లేదు. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగు కండరాల స్నాయువులు బంతిని చుట్టుకుని, చెయ్యి ఎటు కదిలినా దానిని సాకెట్ నడిమధ్యకు అదిమి పట్టుకుంటాయి. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. పైనున్న పెద్ద డెల్టాయిడ్ కండరం చేతిని ఎత్తుతుంది. కఫ్ తెగిపోయిన భుజంలో డెల్టాయిడ్ లాగినప్పుడు బంతి సాకెట్లో తిరగడానికి బదులు పైకి జారి, భుజం కప్పు ఎముకకు రాసుకుంటుంది.

రివర్స్ నమూనా బంతినీ సాకెట్‌నూ ఒకదాని చోట మరొకటిగా తారుమారు చేస్తే, అనటామిక్ నమూనా సహజమైన అమరికనే తిరిగి కడుతుంది. బంతి స్థానంలో కోబాల్ట్ క్రోమ్ లోహపు బంతి, దానిని మోసే టైటానియం కాడ, సాకెట్ స్థానంలో సిమెంటుతో అతికించిన పాలిథిలీన్ ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. న్యూయార్కు సర్జన్ చార్లెస్ నీర్ 1950ల్లో విరిగిన భుజాలకు లోహపు బంతి మాత్రమే పెట్టేవారు. 1970ల్లో అరుగుదల రోగుల కోసం దానికి ప్లాస్టిక్ సాకెట్ జతచేశారు. ఇప్పటి అనటామిక్ నమూనాలన్నీ ఆ వంశంలోనివే. కఫ్ గట్టిగా ఉన్నవారికి ఈ నమూనాతో చెయ్యి తిప్పే సౌలభ్యం, ముఖ్యంగా వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చే సౌలభ్యం, చాలావరకు తిరిగి వస్తుంది.

దీని బలహీనత సాకెట్ దగ్గర ఉంది. కఫ్ పట్టు సడలి బంతి కొద్దిగా పైకో వెనక్కో జరిగితే, ఒక చివర బరువు పడినప్పుడు రెండో చివర లేచే బల్లలా ఆ ప్లాస్టిక్ ముక్క అటూ ఇటూ ఊగి సిమెంటు నుంచి వదులవుతుంది. అనటామిక్ భుజాలకు రెండోసారి ఆపరేషన్ చేయాల్సి రావడానికి సాకెట్ వదులవడం, కఫ్ తెగడం ప్రధాన కారణాలుగా కనబడతాయి. అందుకే ఈ నమూనాలో తయారీదారుల శ్రమ ఎక్కువగా సాకెట్ మీదే సాగింది. ఒకే పెద్ద రెక్క ఉన్న పాత సాకెట్లకు బదులు మూడు నాలుగు చిన్న మేకులున్న సాకెట్లు వచ్చాయి. సిమెంటు అక్కర్లేదంటూ వెనుక లోహపు పళ్లెం ఉన్న సాకెట్లు ఎంతో ఆశతో వచ్చినా, అవి ఎక్కువగా విఫలమవుతున్నాయని ఆస్ట్రేలియా జాతీయ కీళ్ల రిజిస్ట్రీ లెక్కల్లో తేలింది. సిమెంటుతో అతికించిన పూర్తి ప్లాస్టిక్ సాకెట్ వాటికన్నా నమ్మకమైనదిగా నిలిచింది. క్రాస్‌లింక్ చేసిన, అంటే లోపలి గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసి గట్టిపరిచిన పాలిథిలీన్ వాడిన భుజాలకు రెండో ఆపరేషన్లు తగ్గినట్టు కూడా అదే రిజిస్ట్రీ చూపింది. మీకు అనటామిక్ పెడతామన్న డాక్టరు గారిని, సాకెట్ ఏ ప్లాస్టిక్‌తో చేసినదో, వెనుక లోహం ఉందో లేదో తప్పక అడగండి. బంతి ఏ కంపెనీదన్న దానికన్నా ఈ ప్రశ్న విలువైనది.

ఇక రెండో విషయం, మీ సాకెట్ ఎముక ఎలా అరిగింది అన్నది. ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జీల్ వాల్ష్ ఈ అరుగుదలను 1999లో రకాలుగా విభజించారు, ఇప్పటికీ ప్రపంచమంతా దానినే వాడుతున్నారు. సాకెట్ నడిమధ్యన సమంగా అరిగితే ‘ఎ’ రకం. బంతి వెనక్కి జారి సాకెట్ వెనుక భాగాన్ని తినేస్తే ‘బి’ రకం. వెనుక భాగం బాగా అరిగి, సాకెట్లో పాత గుంట ఒకటి, కొత్త గుంట ఒకటి కనబడే ‘బి2’ భుజంలో మామూలు ప్లాస్టిక్ సాకెట్ పెడితే బంతి మళ్లీ వెనక్కే జారే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ముందు వైపు ఎముకను కొంత చెక్కి సరిచేయడం, వెనుక వైపు మందంగా తయారుచేసిన సాకెట్ పెట్టడం, లేదా ఏకంగా రివర్స్‌కు వెళ్లడం అనే దారులున్నాయి. మీ రెండో డాక్టరు గారు రివర్స్ అనడానికి కారణం ఇదే కావచ్చు. దీనిని సీ.టీ. స్పష్టంగా చూపుతుంది.

మీ వయసులో కఫ్ బాగున్నవారికి కూడా రివర్స్ పెట్టడం ఈమధ్య ఎక్కువైంది. కఫ్ తర్వాతెప్పుడో తెగుతుందన్న భయం రివర్స్‌లో ఉండదన్నది దాని వెనకున్న వాదన. ఇంగ్లండులో 60 ఏళ్లు దాటి, అరుగుదల ఉండి, కఫ్ చెక్కుచెదరని రోగుల జాతీయ లెక్కలతో 2024లో బి.ఎం.జె. అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, మొదటి మూడేళ్లలో రెండో ఆపరేషన్ అవసరం రివర్స్‌లో తక్కువగా ఉందనీ, ఆ తర్వాత మొత్తం మీద చూస్తే రెండిటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదనీ తేల్చింది. అంటే మీ వయసువారికి రివర్స్ అన్న డాక్టరు గారు వింత మాటేమీ చెప్పలేదు. నా మొగ్గు చెప్పమంటే, కఫ్ గట్టిగా ఉండి, సాకెట్ నడిమధ్యన అరిగి, చేతిని వెనక్కి తిప్పే పనులు మీకు ముఖ్యమైతే 68 ఏళ్లకు అనటామిక్ వైపే. సాకెట్ వెనక్కి అరిగినా, ఎం.ఆర్.ఐ.లో కఫ్ కండరాల్లో కొవ్వు చేరినట్టు కనబడినా రివర్స్ వైపు.

ఏది కొత్తదన్న ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు గానీ దాని వల్ల మీకు ఒరిగేది లేదు. ఇప్పుడు వాడే రివర్స్ నమూనాల తొలి రూపం కూడా 1985 నాటిదే.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు): మా అమ్మకు 76 ఏళ్లు. ఎడమ చెయ్యి తనంతట తాను భుజం ఎత్తుకు కూడా లేపలేదు. మేం పట్టుకుని ఎత్తితే లేస్తుంది, వదిలేస్తే పడిపోతుంది. స్నాయువులు తెగి లోపలికి ముడుచుకుపోయాయని, కీలు కూడా అరిగిందని ఎం.ఆర్.ఐ.లో రాశారు. రివర్స్ మార్పిడి ఒక్కటే దారి అన్నారు. బంతి ఉండాల్సిన చోట గిన్నె, గిన్నె ఉండాల్సిన చోట బంతి పెడితే చెయ్యి ఎలా లేస్తుంది? అందులోనూ రకాలున్నాయట. అమ్మ చీర కట్టుకోవడం, జడ వేసుకోవడం తానే చేసుకోగలదా?

జవాబు: అమ్మగారి చెయ్యి మీరు ఎత్తితే లేవడం మంచి గుర్తు. కీలు బిగుసుకుపోలేదు, ఎత్తే యంత్రాంగమే దెబ్బతింది. కఫ్ తెగి అరుగుదల కూడా వచ్చిన ఇలాంటి భుజానికి అనటామిక్ నమూనా పెడితే ముందు జవాబులో చెప్పినట్టు సాకెట్ వదులైపోతుంది. బంతి ఒక్కటే మార్చే సగం మార్పిడి చేస్తే నొప్పి కొంత తగ్గవచ్చు గానీ చెయ్యి లేస్తుందన్న హామీ ఉండదు.

బంతినీ గిన్నెనూ తారుమారు చేసే ఆలోచన 1970ల ఆరంభంలోనే చాలామందికి వచ్చింది. ఆనాటి నమూనాల్లో కీలు తిరిగే కేంద్రం రెక్క ఎముకకు చాలా దూరంగా ఉండడం వల్ల, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఎముకలో దిగిన స్క్రూల మీద విపరీతమైన బలం పడి అవి ఊడిపోయేవి. ఫ్రాన్సులోని దిజోన్‌కు చెందిన పాల్ గ్రామోంట్ 1985లో ఆ కేంద్రాన్ని ఎముక ఉపరితలం మీదికే జరిపారు. జబ్బ ఎముకను కిందికి దించి డెల్టాయిడ్ కండరం బిగువుగా సాగేటట్టు చేశారు. కేంద్రం లోపలికి పోవడంతో డెల్టాయిడ్ లాగే మీట పొడవైంది, దాని ముందు వెనుక పోగులు కూడా చేతిని ఎత్తడంలో కలిసివచ్చాయి. రెక్క ఎముకకు బిగించిన బంతి మీద గిన్నె తిరుగుతుంది కనుక చెయ్యి పైకి జారే అవకాశమే లేదు. కఫ్ చేయాల్సిన పనిని ఇక్కడ ఇంప్లాంటు ఆకారమే చేస్తుంది. చెయ్యి ఎత్తే భారమంతా డెల్టాయిడ్ మీద పడుతుంది కాబట్టి, ఆ కండరం గానీ దానికి వెళ్లే యాక్సిలరీ నరం గానీ చచ్చుబడి ఉంటే రివర్స్ పనికిరాదు. ఆపరేషన్‌కు ముందు దీనిని డాక్టరు చేత్తో పట్టి పరీక్షిస్తారు.

ఇక రకాల సంగతి. గ్రామోంట్ నమూనాలో గిన్నె, కాడతో 155 డిగ్రీల కోణంలో దాదాపు అడ్డంగా ఉంటుంది. చెయ్యి బాగానే లేస్తుంది. అయితే చెయ్యి పక్కకు దించినప్పుడల్లా గిన్నె లోపలి అంచు రెక్క ఎముక మెడకు తగిలి, అక్కడ ఎముకలో గంటు పడుతుంది. చేతిని బయటికి తిప్పే శక్తి తగ్గుతుంది. భుజం గుండ్రదనం పోయి చదునుగా కనబడుతుంది. వీటిని సరిదిద్దడానికి, అమెరికా సర్జన్ మార్క్ ఫ్రాంకల్ వంటివారు బంతిని కొంత బయటికి జరిపి, గిన్నె కోణాన్ని 135 డిగ్రీలకు, అంటే సహజ భుజానికి దగ్గరగా తెచ్చారు. దీనితో గంట్లు తగ్గాయి, మిగిలిన కఫ్ పోగులకు బిగువు వచ్చి చెయ్యి బయటికి తిరగడం మెరుగైంది. బంతి బయటికి జరిగితే, దానిని రెక్క ఎముకకు పట్టి ఉంచే లోహపు పళ్లెం మీద బలం పెరగడం ఈ మార్పుకు చెల్లించే మూల్యం. తొలి రూపాల్లో పళ్లెం వదులవడం కనిపించింది, మందమైన లాకింగ్ స్క్రూలు వచ్చాక అది చాలావరకు సర్దుకుంది. ఇప్పుడు చాలా కంపెనీలు ఈ రెండు కొసలకూ మధ్యలో, 145 డిగ్రీల దగ్గర, కొద్దిగా బయటికి జరిపిన నమూనాలు ఇస్తున్నాయి. గిన్నె ఎముక లోపల కూర్చునే రకం, కోసిన ఎముక మీద కూర్చునే రకం అనే తేడా కూడా ఉంది. మీద కూర్చునే రకంలో చెయ్యి మరింత పొడవై డెల్టాయిడ్ ఎక్కువ బిగుస్తుంది. ఎముకలు బోలుగా ఉన్న వృద్ధ స్త్రీలలో ఆ లాగుడుకు భుజం కప్పు ఎముకలో సన్నని పగులు రావడం కొన్ని అధ్యయనాల్లో ఎక్కువగా కనబడింది. అమ్మగారికి ఎముక సాంద్రత పరీక్ష ఇంకా చేయించి ఉండకపోతే ఆపరేషన్‌కు ముందే చేయించండి.

కొలతల విషయమూ ఉంది. పాశ్చాత్యుల సగటుతో పోలిస్తే మన స్త్రీలలో సాకెట్ ఎముక చిన్నదిగా ఉండడం మామూలు. పళ్లెం ఎముక అంచులు దాటితే పట్టు సరిపోదు, బంతి మరీ పెద్దదైతే లోపల ఇరుకవుతుంది, మరీ చిన్నదైతే తప్పుకునే ప్రమాదం పెరుగుతుంది. చిన్న శరీరానికి 36 మిల్లీమీటర్ల బంతి, పెద్ద శరీరానికి 40, 42 అన్నట్టుగా ఎంచుతారు. చిన్న పళ్లెం ఉన్న సెట్టు ఆపరేషన్ రోజున అందుబాటులో ఉంటుందా అని అడగడంలో తప్పు లేదు.

చీర, జడ గురించి. జడ వేసుకోవాలంటే చెయ్యి ఎత్తడంతోపాటు బయటికి తిరగాలి. ఎం.ఆర్.ఐ.లో టెరిస్ మైనర్ కండరం బాగుందని ఉంటే, బయటికి జరిపిన నమూనాతో తల దువ్వుకునే వరకు చేయగలిగే అవకాశం ఎక్కువ. ఆ కండరం కూడా పాడైతే వీపులోని ఒక స్నాయువును మళ్లించి కుట్టే అదనపు ఆపరేషన్ గురించి సర్జన్ ఆలోచిస్తారు. చీర కుచ్చిళ్లు ముందు వైపే పెట్టుకుంటారు కనుక ఇబ్బంది ఉండదు. వీపు వెనక్కి చెయ్యి పోవడం మాత్రం రివర్స్ నమూనాలన్నిటిలోనూ బలహీనమైన కదలికే. వెనుక హుక్కులుండే జాకెట్లు మాని ముందు హుక్కులవి కుట్టించుకోవడం ఉత్తమం.

మన దగ్గర మరో సంగతి ముందే మాట్లాడుకోవాలి. అమ్మగారిది ఎడమ భుజం. శౌచానికి మనవాళ్లు ఎడమ చెయ్యే వాడతారు, ఆ చెయ్యి వెనుకవైపు అందాలి. విదేశీ పుస్తకాల్లో ఇది ఒక వాక్యంలో వచ్చిపోతుంది గానీ, ఇంటికెళ్లిన మొదటి వారంలో మన రోగులు సిగ్గుపడుతూనైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. కుడి చేత్తో ముందునుంచి శుభ్రం చేసుకోవడం ఆపరేషన్‌కు ముందే అలవాటు చేసుకోమనండి, మరుగుదొడ్డిలో హ్యాండ్ జెట్ కుడివైపు పెట్టించండి. కుర్చీలోంచి లేచేటప్పుడు ఎడమ చేతిని వెనక్కి పెట్టి ఊతం తీసుకోవడం మొదటి మూడు నెలలు పూర్తిగా మానాలి. రివర్స్ కీలు తప్పుకునేది ఎక్కువగా ఆ భంగిమలోనే. మన ఊరి ఉక్కపోతకు స్లింగులో ఉన్న చంక చెమటకు నాని ఒరుసుకుపోతుంది. అక్కడ మెత్తటి నూలు గుడ్డ పెట్టి రోజుకు రెండుసార్లు మార్చండి.

ప్రశ్న (మల్కాపురం నుంచి ఒక పాఠకుడు): నాకు 56 ఏళ్లు. ఓడల మరమ్మతు పనిలో వెల్డర్‌ని. భుజం అరిగిపోయింది. కాడ లేని కొత్త రకం భుజం వచ్చిందని, అది పెట్టించుకుంటే మళ్లీ పనికి వెళ్లవచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: కాడ లేని రకం ఉన్నమాట నిజం. దానితో వెల్డింగ్ పనికి తిరిగి వెళ్లవచ్చన్న మాటతో నేను ఏకీభవించను.

జబ్బ ఎముక గొట్టంలోకి పొడవుగా దిగే కాడతో మొదలైన నమూనాలు పొట్టి కాడకు, అక్కడి నుంచి కాడే లేని రకానికి వచ్చాయి. ఐరోపాలో ఈ రకం 2004 నుంచి వాడుకలో ఉంది, అమెరికాలో 2015లో అనుమతి పొందింది. కోసిన ఎముక పైభాగంలో గుచ్చుకునే రెక్కలతోనో మరతోనో ఇది నిలబడుతుంది. ఎముక మిగులుతుంది, తర్వాతెప్పుడైనా తీయాల్సి వస్తే సులువు, కాడ వంపుతో పనిలేకుండా బంతిని దాని సహజ స్థానంలో పెట్టవచ్చు. ఆపరేషన్‌లో కోసిన ఎముకను సర్జన్ బొటనవేలితో నొక్కి చూస్తారు. అది లోపలికి కుంగితే కాడ ఉన్న రకానికి మారాల్సిందే. కాబట్టి రెండు రకాలూ బల్ల మీద సిద్ధంగా ఉండాలి. ఇప్పటి వరకు వచ్చిన ఫలితాలు కాడ ఉన్నవాటితో సమానంగా ఉన్నాయి.

అయితే మీ భుజంలో తొందరగా పాడయ్యేది కాడ వైపు కాదు. బరువైన హోల్డరు పట్టుకుని తలపైన గంటల తరబడి పనిచేసే చేతిలో ముందు అరిగేది, వదులయ్యేది ప్లాస్టిక్ సాకెట్. కాడ ఉన్నా లేకున్నా ఆ సాకెట్ ఒకటే. ఇంగ్లండు లెక్కలతో 2019లో బి.ఎం.జె.లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 55 నుంచి 59 ఏళ్ల మధ్య భుజం మార్చుకున్న మగవారిలో జీవితకాలంలో దాదాపు నలుగురిలో ఒకరికి రెండో ఆపరేషన్ అవసరం పడుతుంది. 85 దాటిన స్త్రీలలో అది 37 మందిలో ఒకరికే. ఈ తేడాలో వయసుకూ, చేతికి పెట్టే పనికీ రెండిటికీ వాటా ఉందని నా అభిప్రాయం.

సాకెట్‌కు ప్లాస్టిక్ పెట్టకుండా, బంతి ఒక్కటి మార్చి, సాకెట్ ఎముకను నునుపుగా చెక్కి వదిలేసే పద్ధతిని సియాటిల్‌లోని ఫ్రెడరిక్ మాట్సెన్ ప్రచారంలోకి తెచ్చారు. బరువు పనులు మానలేని మగవారిలో కొందరికి అది సరిపోతుంది. నెలల తరబడి పట్టుదలగా వ్యాయామం చేయాలి, నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ లేదు. మీకు నా సలహా, ఫిజియోథెరపీ, మందులు, అవసరమైతే కీలులోకి ఇంజక్షన్లతో వీలైనంత కాలం లాగుతూ, యాజమాన్యాన్ని అడిగి తలపైన చేసే పని నుంచి మారండి. పని మారాకే మార్పిడి. ఒక జాగ్రత్త: స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకున్న మూడు నెలల లోపు మార్పిడి చేయించుకుంటే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది.

ప్రశ్న (పెందుర్తి): భుజంలో లోహం ఉంటే తర్వాత ఎం.ఆర్.ఐ. తీయకూడదంటారు, నిజమా?

జవాబు: సాధారణంగా తీయవచ్చు. టైటానియం, కోబాల్ట్ క్రోమ్ ఇంప్లాంట్లను స్కానర్ లాగేయదు. భుజం దగ్గర బొమ్మ మసకగా వస్తుంది, తల, నడుము వంటి చోట్ల ఇబ్బంది ఉండదు. స్కానింగ్ కేంద్రంలో ఇంప్లాంటు వివరాలు ముందే చెప్పండి.

ప్రశ్న (సీతమ్మధార): మోకాలి ఇంప్లాంట్ల ధరలు ప్రభుత్వం తగ్గించింది కదా, భుజానికి అంత ఖరీదు ఎందుకు? ఖరీదైనది పెట్టించుకుంటే ఎక్కువ కాలం వస్తుందా? రోగి కొలతలతో ముందే తయారుచేసే గైడ్లకు (ఆపరేషన్‌లో దారి చూపే అచ్చులకు) అదనంగా అడుగుతున్నారు.

జవాబు: జాతీయ ఔషధ ధరల సంస్థ 2017 ఆగస్టులో ఇచ్చిన గరిష్ఠ ధరల ఉత్తర్వు మోకాలి ఇంప్లాంట్లకే వర్తించింది. భుజం ఇంప్లాంట్లలో దిగుమతివి ఎక్కువ, చేసే ఆపరేషన్లు తక్కువ, అందువల్ల ధర దిగడం లేదు. ఇంప్లాంటు, సిమెంటు, గది, సర్జన్ ఫీజు విడివిడిగా రాసిన అంచనాను ఆసుపత్రి నుంచి కాగితం మీద తీసుకోండి. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే మీ జబ్బుకు ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ధర పెరిగినంత మాత్రాన మన్నిక పెరగదు. కొలతలతో చేసిన గైడ్లు పళ్లాన్ని అనుకున్న చోట పెట్టడంలో సాయపడతాయి. సాకెట్ బాగా వంకర తిరిగిన భుజాలకు ఆ ఖర్చు న్యాయమే. మామూలు అరుగుదలలో వాటివల్ల రోగికి నొప్పి, కదలిక మెరుగయ్యాయని గట్టిగా చెప్పే ఆధారం రాలేదు. అదే డబ్బు విలువను మరో ప్రశ్నతో పొందవచ్చు: ‘డాక్టరు గారూ, ఏడాదికి మీరు ఎన్ని భుజాలు మారుస్తారు?’ ఏడాదికి సుమారు 10కి మించి చేసే సర్జన్ల రోగులకు రెండో ఆపరేషన్ అవసరం తక్కువగా ఉందని ఇంగ్లండు లెక్కలు చూపాయి. ఈ ప్రశ్నకు కోప్పడే డాక్టరు దగ్గర మరో అభిప్రాయం తీసుకోవడం మంచిదని నేను నా రోగులకు కూడా చెబుతుంటాను. మా నగరంలో కె.జి.హెచ్. వంటి బోధనాసుపత్రి ఎముకల విభాగంలో ఓ.పి.కి వెళ్లి రిపోర్టులు చూపించుకోవచ్చు.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు): నాకు 71 ఏళ్లు. 2013లో వేరే నగరంలో కుడి భుజానికి అనటామిక్ మార్పిడి చేశారు. ఇన్నేళ్లూ బాగుంది. ఏడాదిగా చెయ్యి పైకి లేవడం లేదు, రాత్రిళ్లు నొప్పి. దీనిని రివర్స్‌గా మార్చవచ్చా? మొత్తం తీసేయాలా?

జవాబు: మార్చవచ్చు. ఎంత తీయాలన్నది 2013లో మీకు పెట్టిన కాడ ఏ రకం అన్నదాని మీద ఆధారపడుతుంది.

ముందు కారణం తేలాలి. వయసుతో కఫ్ తెగి ఉండవచ్చు, సాకెట్ వదులై ఉండవచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. మూడో అనుమానం ఇన్‌ఫెక్షన్. భుజం చర్మం మీద ఉండే క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి జ్వరం, వాపు లేకుండా ఏళ్ల తరబడి నెమ్మదిగా పనిచేస్తుంది. రక్త పరీక్షలు మామూలుగా ఉన్నా అది లేదని చెప్పలేం. కీలు నుంచి తీసిన నమూనాను ప్రయోగశాలలో దాదాపు రెండు వారాలు పెంచి చూడమని చెప్పాలి. మామూలుగా నాలుగైదు రోజులకే పారేస్తే అది దొరకదు.

ఇన్‌ఫెక్షన్ లేదని తేలితే కాడ సంగతి వస్తుంది. బంతిని విప్పి, అదే కాడ మీద రివర్స్ గిన్నె బిగించేలా తయారుచేసిన కాడలున్నాయి. అలాంటిదైతే ఎముక లోపలి భాగాన్ని కదపకుండా బంతి తీసి, పాత ప్లాస్టిక్ సాకెట్ తొలగించి, రెక్క ఎముకకు పళ్లెం, బంతి బిగిస్తారు. సాకెట్ ఊడిన చోట గుంట పెద్దదైతే ఎముక ముక్కతో పూడుస్తారు. అయితే ఈ సౌకర్యం ఉన్న కాడనూ ప్రతిసారీ ఉంచలేం. మొదటిసారి కాడను కాస్త ఎత్తుగా పెట్టి ఉంటే దాని మీద గిన్నె కూర్చునే చోటు దొరకదు, బలవంతంగా ఇమిడిస్తే కీలు బిగుసుకుపోతుంది. బంతి, కాడ ఒకే ముక్కగా పోతపోసిన పాత రకమైతే, లేదా కింది వరకు సిమెంటుతో నింపినదైతే, ఎముకను నిలువుగా చీల్చి తీయాల్సి రావచ్చు. అప్పుడు ఆపరేషన్ పెద్దది, కోలుకోవడం ఆలస్యం.

అందువల్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు 2013 నాటి డిశ్చార్జి కాగితాలు వెతకండి. వాటికి ఇంప్లాంటు పెట్టెల నుంచి ఒలిచిన స్టిక్కర్లు అతికించి ఉంటాయి. కంపెనీ పేరు, కాడ సైజు, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. కాగితాలు దొరక్కపోతే అప్పటి ఆసుపత్రి రికార్డుల విభాగానికి మీ ఐ.పి. నంబరుతో, అది గుర్తులేకపోతే పేరు, ఆపరేషన్ తేదీతో దరఖాస్తు పెట్టండి. అక్కడా లేకపోతే ముందునుంచి, పక్కనుంచి తీసిన రెండు స్పష్టమైన ఎక్స్‌రేలు చూసి అనుభవమున్న సర్జన్ నమూనాను గుర్తుపట్టగలరు. ఆ కంపెనీ కాడకు సరిపోయే గిన్నె, విప్పే పనిముట్లు తెప్పించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు కనుక, ఆపరేషన్ తేదీ అవి చేతికి వచ్చాకే ఖరారు చేసుకోండి.